మా మిల్లు పాడ్‌కాస్ట్

తాడేపల్లిగూడెంలో మా మావయ్య రైస్ మిల్లుకి పాడ్‌కాస్ట్ మొదలుపెట్టించింది నేనే. బియ్యం గురించి మాట్లాడితే కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారని ఆయన్ని వారం రోజులు వేపుకుతిన్నాను. రికార్డింగప్పుడు కాసేపు మిల్లు ఆపమంటే మాత్రం ఒప్పుకోలేదు.

"గేటు బయట ధాన్యం లారీలు నిలబడి ఉంటే, నీ కబుర్ల కోసం మిల్లు ఆపుతానా?" అన్నారు.

ఆ రొదలోనే, పాత బియ్యంతో అన్నం పొడిపొడిగా ఎందుకొస్తుందో చెబుతూ అరగంట గొంతు చించుకున్నాను.

వచ్చింది ఒక్కటే కామెంటు. నల్లజర్ల నుంచి, రిటైరైన మిల్లు మెకానిక్ ఒకాయన రాశారు: "మీ మాటలు ఒక్క ముక్క వినబడలేదండీ. ధాన్యం పైకెత్తే ఎలివేటర్ దగ్గర బేరింగు పోయేలా ఉందండీ, చూపించుకోండి."

నాకు ఒళ్లు మండింది. "ఇది బియ్యం గురించిన కార్యక్రమం" అని ఘాటుగా జవాబిచ్చాను. మూడో రోజు ఆ బేరింగే పట్టేసి మిల్లు ఆగిపోయింది.

ఇప్పుడు ప్రతి సోమవారం మావయ్యే పిలిచి మరీ మైకు పెట్టిస్తున్నారు. కిందటి వారం నేను "నమస్కారమండీ" అనగానే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వూరుకోరా. ఆయనకి మిల్లు వినబడాలి."