పేర్లు చెక్కిన రాయి

నా చిన్నప్పుడు మా ఊరికి పుట్టినరోజు చేసేవారు. ఏన్కూరు అవతల అడవి అంచున, కృష్ణా జిల్లా నుంచి బండ్లు కట్టుకొచ్చిన కొన్ని కుటుంబాలు చెట్లు కొట్టి కట్టుకున్న ఊరు మాది. అందరికంటే ముందొచ్చిన బండి మా తాతయ్యది. ఆ సంగతి ఎవరైనా మర్చిపోతారేమోనని మా నాయనమ్మ రోజూ గుర్తుచేసేది.

ఒక ఏడు ఆ వేడుకకి బడి మాస్టారు మాచేత నాటకం వేయించారు. ఓడలో అమెరికా చేరిన ఇంగ్లండు వాళ్ళు తొలి చలికాలం ఆకలితో అల్లాడిపోతే, అక్కడి అడవి మనుషులు మొక్కజొన్న పండించడం నేర్పి బతికించిన కథ. చివర్లో అందరూ ఒకే బంతిన కూర్చుని భోంచేస్తారు. ఆ తర్వాత ఏమైందో మాస్టారు చెప్పలేదు, మేమూ అడగలేదు. నాది ఓడ దిగిన దొరసాని వేషం. ముఖానికి డబ్బాడు పౌడరు పులిమారు.

మాదీ అచ్చం ఇదే కథ అని పెద్దవాళ్ళు తెగ మురిసిపోయారు. నిజమే, తొలి వానాకాలంలో పక్క గూడెం కోయవాళ్ళే గడ్డలు తవ్వి పెట్టి మావాళ్ళను బతికించారు. అందుకే తాతయ్య ఆ గూడెంలో అందరికంటే పెద్దదైన అవ్వను పిలిపించి ముందు వరుసలో కుర్చీ వేయించారు.

నాటకం అయ్యాక, ఆ రోజు కోసం ఊరి మధ్య కొత్తగా నిలబెట్టిన రాయి మీద గుడ్డ తీశారు. నిలువెత్తు రాయి మీద తొలి కుటుంబాల పేర్లు, అన్నిటికీ పైన తాతయ్య పేరు. మేం చప్పట్లు కొడుతుంటే అవ్వ లేచి వెళ్ళి, రాయి వెనకవైపు చేత్తో తడిమింది.

"గిది మా అయ్య రాయి," అంది.

గూడెంలో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ పేరున రాయి నిలబెడతారు. పండక్కి తొలి ముద్ద అక్కడే పెడతారు. పొలంలో నాగలికి అడ్డమొస్తోందని తాతయ్య దాన్ని పీకించారు. నున్నగా ఉందని ఇలా పనికి పెట్టారు. ఎవరిదని ఎవరినీ అడగలేదు.

అవ్వ పేరు కూడా కింద చెక్కిద్దామని ఎవరో సర్దిచెప్పబోయారు.

"మా పేరెందుకు? మా అయ్యను మాకియ్యుండ్రి," అంది అవ్వ.

తాతయ్య ఆ పూట భోజనం ముట్టలేదు. జీవితమంతా తన పేరు రాయికెక్కాలని ఎదురుచూసిన మనిషాయన. మర్నాడు ఊరంతా వద్దంటున్నా బండి కట్టించి, రాయిని పొలంలో పాత చోటే నిలబెట్టించారు. ఉలి పట్టుకుని తన పేరు తనే చెరపబోయారు. అక్షరాలు లోతుగా దిగాయి, పోలేదు. పెచ్చులు మాత్రం రాలాయి.

అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆపు పటేలా. మా అయ్యకు నొప్పైతది."

తాతయ్య అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చారు. ఆయన ఏడవడం చూసి నాకు భయమేసింది. ఆమె తండ్రి రాయి మీద ఆయన పేరు అలాగే ఉండిపోయింది.

ఇప్పటికీ ఎక్కడ శిలాఫలకం కనిపించినా నాకు పేర్లు చదవబుద్ధి కాదు. ఈ రాయి ఎక్కడి నుంచి తెచ్చారని అడుగుతాను. చాలాసార్లు ఎవరికీ తెలియదు.