గంజి గిన్నెలో రొయ్య మీసం

కార్తీక మాసంలో మా ఇంట్లో ఉల్లిపాయ కూడా తరిగేవాళ్లం కాదు. అలాంటి నెలలో నేనూ, మా తోటికోడలూ కలిసి భవానీపురం ఇంట్లో రొయ్యల పాస్తా వండుకు తిన్నాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. తిన్నందుకు నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. ఎవరితో కలిసి తిన్నానో తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

తను నాకంటే ఆరేళ్లు చిన్నది. నోరారా అక్కా అని పిలిచేది, నేను నిజంగానే అక్కననుకున్నాను. తను మ్యాట్నీకి వెళ్లిన రోజు డాక్టరు దగ్గరికి వెళ్లిందని అత్తయ్యగారితో చెప్పింది నేనే. ఆ ఇంట్లో నాకు మనసు విప్పి మాట్లాడుకునే మనిషి తనొక్కతే.

ఆ రోజు అత్తయ్యగారు కూచిపూడిలో చుట్టాలింటికి వెళ్లారు. మావారు క్యాంపులో ఉన్నారు. మరిదికి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో నైట్ డ్యూటీ.

"అక్కా, టీవీలో చూపించారే, ఆ రొయ్యల పాస్తా ఇవాళ చేసుకుందామా? మళ్లీ ఇలాంటి ఛాన్స్ రాదు" అంది. పాస్తా ప్యాకెట్ ఎప్పుడు కొన్నదో, బీరువాలో చీరల కింద దాచి ఉంచింది. రొయ్యలు కూడా తనే తెచ్చింది, సంచిలో పైన తోటకూర కట్ట కప్పి.

రొయ్యలు ఒలిచి, పసుపూ ఉప్పూ పట్టించి కడిగాను. టీవీలో ఆవిడ చెప్పినట్టు తలలూ పెంకులూ మరిగించి, వడగట్టి, ఆ నీళ్లలోనే పాస్తా ఉడకేశాను. ఉడికాక అన్నం వార్చినట్టే మూత పెట్టి గిన్నె వంచాను. ఆ నీళ్లు పట్టిన గిన్నె తను తీసుకెళ్లింది. నేను బాణలిలో వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, టమాటాలు మగ్గించి, రొయ్యలు వేయించి, పాస్తా కలిపాను. చీజ్ లేదు కాబట్టి నిమ్మకాయ పిండాను. ఒకే కంచంలో తిన్నాం. చివరి రొయ్య కోసం కాసేపు పోట్లాడి తనకే వదిలేశాను. తర్వాత గిన్నెలు చింతపండుతో తోమి, ఇల్లంతా అగరొత్తులు తిప్పాం.

ఇంత చేసి, ఒక్కటి మరిచాం. మా ఇంట్లో గంజి పారబోయరు. అత్తయ్యగారి నేత చీరలకు పెట్టడానికి పెరట్లో ఒక గిన్నెలో పోసి ఉంచుతారు. తను అలవాటుకొద్దీ ఆ నీళ్లు అందులోనే పోసింది. మర్నాడు వచ్చిన అత్తయ్యగారు సోమవారం శివాలయానికి కట్టుకోవలసిన చీర అందులో ముంచి మేడ మీద ఆరేశారు. తెల్లవారుజాము స్నానాలతో జలుబు పట్టి ఉండి, ఆవిడకు వాసన తెలియలేదు. సాయంత్రం తీయబోతే పిల్లి చీర అంచు నాకుతోందట.

చీరతోనే వంటింట్లోకి వచ్చారు. మడతలో ఒక రొయ్య మీసం అతుక్కుని ఉంది.

"ఎవరే వండింది?"

ఇద్దరమూ అని చెప్పడానికి నోరు తెరిచాను.

"అక్క వండిందండీ. కార్తీకమాసం, వద్దక్కా అని చెప్తూనే ఉన్నా. నేనైతే పచ్చడన్నం తిని పడుకున్నా" అంది తను. కళ్లు కూడా ఆర్పలేదు.

"నిజమేనా?" అన్నారు అత్తయ్యగారు నాతో.

నేను తన వైపు చూశాను. గిన్నె తోముతూ తల ఎత్తలేదు. ఎంగిలి కంచం గురించి సాక్ష్యాలు చెప్పుకోవడం సిగ్గనిపించింది. "నిజమేనండి" అన్నాను.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నాకు మాత్రం మొత్తం గంపెడూ వచ్చింది. ఆ నెలాఖరు దాకా నన్ను పొయ్యి దగ్గరికీ, దీపం దగ్గరికీ రానివ్వలేదు. వంటంతా తనే చేసింది.

ఆ చీర గొడవైన మర్నాడు మధ్యాహ్నం తను నా గదిలోకి వచ్చింది. "ఏమనుకోకక్కా. ఇద్దరం తిట్లు తినడం ఎందుకని అలా అనేశా. నువ్వంటే పెద్దదానివి, తట్టుకుంటావు" అంది.

"ఏమీ అనుకోలేదులే అమ్మా" అన్నాను.

నమ్మింది. తేలికపడి, మంచం మీద నా పక్కనే కూర్చుని ఏవేవో కబుర్లు మొదలుపెట్టింది. నేను ఊ కొట్టాను. తర్వాత పదిహేనేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. అన్నేళ్లూ ఊ కొడుతూనే ఉన్నాను. నా కష్టం గానీ సుఖం గానీ ఒక్క మాట తనతో చెప్పుకోలేదు. తను ఆ సంగతి గమనించనే లేదు.