చెప్పుపువ్వుకు కాపలా

టైలర్ రఘుపతికి లోకంలో ఉన్నది ఒకటే పిచ్చి, చెప్పుపువ్వు. ఎక్కడో ఈశాన్యపు తడి కొండల్లో పూసే స్లిప్పర్ ఆర్కిడ్‌ను తెచ్చి, భువనగిరి ఎండల్లో ముందుగదిలో పెంచుతున్నాడు. ఇక ఆయన భార్య అండాలు బతుకు ఏం చెప్పాలి! బోరునీళ్లు దానికి పడవట. ఫిల్టరు నీళ్లు దానికి, బోరునీళ్లు అండాలుకు. కూలర్ దానికి, విసనకర్ర అండాలుకు.

దుకాణంలోనూ అదే గోల. జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన మంజులతను నిలబెట్టి, "ముందటి రేక సంచి లెక్క ఉంటది సూడు. తేనె ఉన్నదనుకొని ఈగ దిగుతది. తేనె ఉండదు! వచ్చిన తొవ్వల పోరాదు. ఎనుక సన్న సందుల నుంచి పుప్పొడి అంటించుకొని దూరి పోవాలె" అన్నాడు.

"నా జాకెట్టు ఎప్పుడిస్తవన్నా?" అన్నదామె. ఇచ్చాడు. అదీ సంచిలాగే వచ్చింది.

పోనీ అక్కడితో ఆగాడా? ఎండలు ముదరగానే పువ్వుకు కాపలా కూడా పెట్టాడు! పక్క రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే అమీరున్నీసా అవ్వను. నిరుడు అండాలు "జర సల్లగ కూసో రా అవ్వా" అని పిలిస్తే, "మా ఇంట్ల ఏం తక్కువైందే?" అని కస్సుమన్న మనిషి. ఇప్పుడు మాత్రం పొద్దెక్కగానే కూలర్ ముందు కుర్చీ వేసుకుంటుంది. అండాలు అక్కడ చాప పరిస్తే, "పువ్వుకు గాలి అడ్డమైతాంది, లోపల పండుకో" అని లేపేస్తుంది.

"నా ఇంట్ల నాకే జాగా లేదయ్యా! పువ్వు రాలిన్నాడు కూలర్ నా మంచం కాడికి రావాలె" అని మొగుణ్ణి నిలదీసింది అండాలు.

"అట్లనే తీ" అన్నాడు రఘుపతి.

ఆ మహాతల్లి రాలితే కదా! నెలలు దాటినా నిగనిగలాడుతూనే ఉంది. రోహిణి కార్తె వచ్చేసింది. ఓపిక నశించిన అండాలు ఒక పొద్దున వెళ్లి పువ్వును పట్టుకు గుంజింది. రాలేదు. వంగి చూస్తే, కాడకు ఆకుపచ్చ దారం! పువ్వు రాలనే రాలింది. రాలినా కొన్నాళ్లు వాడని జాతి కదా, మళ్లీ నిలబెట్టి కాజా కుట్టు వేశాడు.

"కూలర్ ఇయ్యాల్సి వస్తదని గిన్ని యేషాలా!" అండాలుకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడే అవ్వ చెమటతో తడిసి గడప దగ్గరకొచ్చింది. "రేకులు అప్పుడే కాలుతున్నయే. పువ్వు ఉన్నదా? రాలిందంటే ఇగ నాకేం పని, ఇంటికి పోత."

అండాలుకు కోపం ఎటు పోయిందో పోయింది. తను గుంజి వదులు చేసిన దారం ముడిని గబగబా బిగించింది. "ఎక్కడ రాలుతదవ్వా! కూసో, కూసో."

సాయంత్రం రఘుపతి ఇంటికి రాగానే పాత పట్టుచీర ముక్క ఒకటి ఒళ్లో పడేసింది.

"ఆ పువ్వు వాడకముందే దీంతోటి ఇంకోటి కుట్టు. సంచి మాత్రం సక్కగ కుట్టయ్యా, మంజులత జాకెట్టు లెక్క చెయ్యకు!"