సూడు అంటే చూశాం

ఆళ్లగడ్డలో నా ఫోటో స్టూడియో పక్కనే విగ్రహాలు చెక్కే అన్న ఒకాయన ఉండేవాడు. డిజిటల్ కెమెరాలు మా ఊరికి కొత్తగా వచ్చిన రోజులు. ఆయన చెక్కినవి లారీ ఎక్కేముందు ఫోటోలు తీసి దాచిపెట్టడం నా పని. దాచిపెట్టడం అనేది పెద్ద మాటలెండి, కెమెరా కార్డులోనే వదిలేసేవాణ్ణి. ఒకరోజు పొద్దున, బటన్ల మీద నాకున్న ప్రేమకొద్దీ ఏదో నొక్కితే కార్డు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. నెలల తరబడి పోగైన దేవుళ్లు ఒక్క నొక్కుడుకు మాయం!

సరిగ్గా అప్పుడే అన్న వచ్చాడు.

"మధ్యాన్నం ఆత్మకూరోళ్లు వస్తాండారప్పా. గుడికి ద్వారపాలకుల విగ్రహాల పని నాకిచ్చేదీ లేందీ ఫోటోలు సూసి చెప్తారంట. తీసిపెట్టు."

నేను నవ్వాను.

"ఏం జేసినావ్?" అన్నాడు వెంటనే. నా నవ్వులు ఆయనకు తెలుసు.

చెప్పాను. ఆయన చేతిలో ఉలి లేకపోవడం నా అదృష్టం.

నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడికి ఫోన్ చేశాను. వైరస్‌ల బాధ పడలేక నా కంప్యూటర్‌లో విండోస్ తీసేసి, ఊరికే దొరికే లినక్స్ ఎక్కించింది వాడే.

"పోయిన ఫోటోలు బయటికి లాగే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఉంది, అదీ ఊరికే. టెర్మినల్ తెరువు. నల్ల తెర వచ్చిందా? ఫస్టు... సూడు" అన్నాడు.

చూశాను.

"సూడు అయినాక..."

"సూస్తానే ఉండా లేప్పా, ముందుకు పో."

"కొట్టినావా?"

"ఏం కొట్టల్ల? సూడమన్నావ్, సూస్తాండా. నలుపు తప్ప ఏం కనపడల్యా."

అన్న కూడా నా భుజం మీదుగా వంగి భక్తిగా చూస్తున్నాడు. "నాకూ ఏం కనపడల్యాప్పా" అని ఫోన్‌లోకి సాక్ష్యం చెప్పాడు.

అవతల వాడు నవ్వలేక చచ్చాడు. "రేయ్, కళ్లతో సూసే సూడు కాదురా! ఎస్, యు, డి, ఓ. యజమానిని చెప్తాండా, మాట విను అని కంప్యూటర్‌ను గదమాయించేది!"

ఎనిమిదో తరగతిలో బడి వదిలేసినవాణ్ణి. ఇంగ్లీషులో ఎవరినైనా గదమాయించడం అదే మొదలు. దాని వెనకాల వాడు చెప్పిన అక్షరాలన్నీ కలిపి కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. ఎంత కొట్టినా తెర మీద ఒక్క చుక్క పడదు.

"కీబోర్డు సచ్చిపాయ!"

"బతికే ఉంది. కనపడకుండా తీసుకుంటాదది."

"లంచం మాదిరా?" అన్నాడు అన్న.

ఎంటర్ నొక్కాను. అక్షరాలు వడగళ్లలా రాలాయి. ఎక్కించమంటావా, వద్దా అని చివర్లో అడిగితే, "ఊ అను, ఊ అను" అని అన్న నా వీపు వాయించాడు. ప్యాకేజీ ఎక్కింది. దాన్ని కార్డు మీదికి వదిలాం. పేర్లన్నీ పోయి అంకెలే మిగిలాయి గానీ, ఒక్కొక్క ఫోటో తిరిగొచ్చింది. ముందు నంది, తర్వాత నరసింహస్వామి. "నా సామే!" అని అన్న ఎగిరి గంతేస్తే నేనూ వేశాను. కుర్చీ విరిగింది, లెక్కచేయలేదు.

మధ్యాహ్నం ఆత్మకూరు పెద్దమనుషులు ముగ్గురు వచ్చి తెర ముందు కూర్చున్నారు. ఒక్కో విగ్రహానికి తలలూపుతున్నారు. ఆ మహాతల్లి ప్యాకేజీ, నేనెప్పుడో చెరిపేసిన ఫోటోలను కూడా తవ్వి తెచ్చిందని నాకప్పుడే తెలిసింది. గరుత్మంతుడి తర్వాత తెర నిండా నేను! బుగ్గలు పూరించి, భుజాన చీపురుకట్ట గదలా పెట్టి, ఒంటికాలి మీద.

"ఇదేం దేవుడప్పా?" అన్నాడు అందరిలో పెద్దాయన.

అన్న తడుముకోలేదు. "నేను చెక్కింది కాదు పెద్దాయనా. మా పక్కంగడి ఆయప్ప. పుట్టిందే అట్ల."

ముగ్గురూ కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. పెద్దాయన లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని అన్నతో అన్నాడు: "ద్వారపాలకులు ఇద్దర్నీ నువ్వే చెక్కు. మొగాలు మాత్రం ఈయప్పవి పెట్టొద్దు, జనం గుళ్లోకి రారు."