గోవిందన్న తగ్గించిన హద్దు

నిన్న మధ్యాహ్నం వదిన నంబర్ నుంచి ఫోన్ వస్తే, అన్న ఆఫీసులో ఛార్జర్ మర్చిపోయాడేమో అనుకున్నాను.

"అన్న పోయినాడప్పా. అన్నం తిని పండుకున్నాడు, మళ్లా లేయలేదు."

ఇంకా నమ్మకం కుదరడం లేదు. నిన్న పొద్దున్నే కదా, నా టీ కూడా తనే తాగేసి నవ్వాడు.

గోవిందన్న మా పెద్దనాయన కొడుకు. తమిళనాడు ధర్మపురిలో మా చిన్న ఆఫీసులో ఇద్దరం కలిసే పనిచేశాం. కావేరిలో నీటిమట్టం చూసే సెన్సార్ల డేటా మా ప్లాట్‌ఫామ్‌కి వస్తుంది. నీళ్లు హద్దు దాటితే పెన్నాగరం వైపు ఒడ్డున ఉన్నవాళ్ల ఫోన్లు మోగుతాయి. ఆ హద్దు పెట్టేది అన్నే.

కానీ సెట్టింగ్ మార్చి సేవ్ చేస్తే చాలదు. అలర్ట్‌లు పంపే సర్వీస్‌ని రీస్టార్ట్ చేసేదాకా అది పాత హద్దునే పట్టుకుని నడుస్తుంది. రీస్టార్ట్ అయ్యే ఆ కాసేపు మాకు నది కనబడదు.

అందుకే అన్న ముందుగా, ఒడ్డున పరిసల్, అదే గుండ్రటి బుట్టపడవ, నడిపే మాదప్ప మామకు ఫోన్ చేసేవాడు.

"మామా, కొంచేపు నాకు కండ్లు కనపడవు. నువ్వు చూస్తా ఉండు."

సర్వీస్ లేచేదాకా లైన్‌లోనే ఉండేవాడు. మేమంతా ఆటపట్టించేవాళ్లం. అన్న చెవిన పెట్టేవాడు కాదు.

ఈరోజు మధ్యాహ్నం అంత్యక్రియలు. పొద్దున మనసాగక ఆఫీసుకు వెళ్లి అన్న సీట్లో కూర్చున్నాను.

స్క్రీన్ మీద పసుపు రంగులో ఒకటే హెచ్చరిక. రీస్టార్ట్ చేయాలి.

ఇంకా తక్కువ నీళ్లకే ఫోన్లు మోగేలా, నిన్న హద్దు తగ్గించి సేవ్ చేశాడు. తిని వచ్చి రీస్టార్ట్ చేద్దామనుకున్నట్టున్నాడు.

ఎందుకు తగ్గించాడో ఎవరికీ చెప్పలేదు. ఎగువన వానలు మంచివి కావని మాత్రం గొణుగుతూ ఉండేవాడు. పాత హద్దు ప్రకారం స్క్రీన్ మీద అన్నీ గ్రీన్‌లోనే ఉన్నాయి. అయినా అన్న ఊరికే తగ్గించడు.

మామకు ఫోన్ చేశాను.

"గోవిందు ఏడప్పా?"

చెప్పాను. మామ నీళ్ల దగ్గరికి నడిచినట్టున్నాడు, ఫోన్‌లో నది హోరు పెరిగింది.

"నేను చూస్తా ఉండాను. నీళ్లు రంగు మారినాయి. బిరీన చెయ్యి."

చేశాను. స్క్రీన్ ఖాళీ అయిపోయింది. మామ లైన్‌లోనే ఉన్నాడు.

సర్వీస్ లేచీ లేవగానే అలర్ట్ వెళ్లింది. మామ చుట్టూ ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లు మోగడం ఇక్కడికి వినబడింది.

అప్పుడు డేటా వెనక్కి తిప్పి చూశాను. అన్న పెట్టిన హద్దును నీళ్లు నిన్న సాయంత్రమే దాటాయి.

ఒడ్డున జనం రాత్రంతా నిద్రపోయారు. మేము అన్న పక్కన ఏడుస్తూ కూర్చున్నాం.

ఇప్పుడు పరిసళ్లు పైకి లాగుతున్నారట. ఎగువన వాన ఆగలేదు.

పోయిరా అన్నా. లైన్‌లో నేనుంటాను, నువ్వు నెమ్మదిగా పండుకో.