చెక్కు పోస్టులో ఉందన్నాను

ఇరవై రెండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో వాళ్లకూ తెలియదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా మొహం చూడరు.

అప్పుడు నేను బోథ్ దగ్గర ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. రైతుల డబ్బు ఆలస్యమైనప్పుడు చెప్పమని యజమాని నాకో ఇంగ్లిష్ మాట నేర్పాడు: 'చెక్ ఈజ్ ఇన్ ది పోస్ట్.' ముందు ఇంగ్లిష్‌లో అని, తర్వాత తెలుగులో చెప్పేవాణ్ణి. ఇంగ్లిష్ వినగానే రైతులు ఎదురు అడిగేవారు కాదు. నాకూ అది గొప్పగానే ఉండేది.

లస్మన్న అనే రైతుకూ అదే చెప్పాను. అసలు చెక్కు రాయనే లేదు. మూడు వారాలు చూసి అతను మిల్లుకు వచ్చాడు.

"సారూ, మా పోస్టు గంగారాం రోజు ఉత్త సంచి దులిపి సూపెడ్తుండు. నా చెక్కు కాకెత్కపోయిందారా అంటే నవ్వుతుండు. మీరైతే పోస్టుల ఏసిన్రు గదా?"

"ఏసినం, లస్మన్నా."

"గట్లయితే వాడే మింగిండు!"

కాదనడానికి ఎంతసేపు పడుతుంది? ఎందుకు అనలేదు? యజమాని పక్క గదిలో ఉన్నాడని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి, అబద్ధం బయటపడితే లస్మన్న నోట ఆ 'సారూ' అన్న పిలుపు పోతుందని భయపడ్డాను.

నెల తర్వాత మిల్లుకు డబ్బు వచ్చింది. చెక్కు చేతికిస్తూ, "మొదటిది రద్దు చేయించి ఇది రాసినం" అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను. దాంతో గంగారాం దొంగ అని ఊరు తేల్చేసింది. దుబాయి నుంచి వచ్చే ఉత్తరాలు అతనితో చదివించుకునే ఆడవాళ్లు, కవరు గడప దగ్గరే లాక్కుని తలుపు వేసుకునేవారట. ఏడాది తిరక్కుండా అతను పని మానేసి పెళ్లాంపిల్లలతో మంచిర్యాల వెళ్లిపోయాడు. ఈ సంగతి లస్మన్నే వచ్చి చెప్పాడు, పీడ పోయిందన్నట్టు. నేను తల ఊపాను.

లస్మన్న ఇప్పుడు లేడు. గంగారాం ఉన్నాడో లేడో తెలియదు. మంచిర్యాల ఎన్నోసార్లు వెళ్లాను, ఒక్కసారీ వెతకలేదు.

ఇది రాస్తుంటే ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది. నా పేరు రాసే ధైర్యం ఇంకా రాలేదు. అతని పేరు మాత్రం రాస్తున్నాను. గంగారాం ఏమీ తీయలేదు. ఆ సంచిలో చెక్కు ఎప్పుడూ లేదు.