ఆలస్యంగా పెట్టిన చిక్కుడు

మా పక్కింటావిడ నవంబరులో చిక్కుడు గింజలు పెడుతోందని నాకు మొదట చెప్పింది పాలుపోసే రత్తమ్మ.

ఆవిడ మామిడితోటలో కూలి. ఏటా తొలకరికే చెట్ల వరసల మధ్య చిక్కుడు పెట్టి, కాయలు ఆగిరిపల్లిలో అమ్ముకుంటుంది. వేసవి దాకా ఇల్లు గడిచేది వాటితోనే. ఈసారి ఆ అదునంతా ఆసుపత్రిలో నా మంచం పక్కనే గడిపింది. ఇప్పుడేమో మామిడి పూత కోసం తోటకు నీళ్లు ఆపేశారు.

ఎవరికి ఏం చేసిపెట్టినా "ఏమనుకోకు" అనడం ఆవిడ అలవాటు. నాకు గంజి తాగిస్తూ కూడా అదే మాట అనేది. నేను కర్ర సాయంతో తోటకు వెళ్లేసరికి గింజలతో అంటోంది: "లేటైంది, ఏమనుకోకండే."

"నావల్లే కదక్కా."

"చాల్లే! నీకంటే చిక్కుళ్లు ఎక్కువటే? జరుగు, పాదు తొక్కుతున్నావ్."

మామిడి వేళ్లకు తడి తగలకుండా, ఇంటి నుంచి బిందెతో మోసుకొచ్చిన నీళ్లు చెంబుతో పాదుల్లో పోసింది.

ఆదివారం చర్చిలో మా సంఘమంతా నేను బతికినందుకు దేవుణ్ణి స్తుతించింది. నేను తల ఎత్తలేకపోయాను.

ఈ సాక్ష్యం చదువుతున్న, నాకోసం మోకరించిన మీ అందరికీ వందనాలు. ఇక నా పేరు చాలు. ఆ చిక్కుడు కాపుకు రావాలని, నీళ్లు మోస్తున్న ఆవిడను ప్రార్థనలో తలచుకోండి.